తొలి కొలువు మన చేరువను దొరకవలెను

కడప జిల్లా వేంపల్లె మండలమున, గండిక్షేత్రమునకు సమీపమున, ఇడుపులపాయ యను చిన్న గ్రామము గలదు. 2008వ సంవత్సరమున శాసనసభ చేసిన చట్టము ననుసరించి రాజీవ్ గాంధీ పేరిట నొక సాంకేతిక విశ్వవిద్యాలయ మేర్పడి, బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు విద్యాస్థానములను నెలకొల్పెను. జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విద్యాలయ మిదియే. పల్లెటూళ్ళ ప్రభుత్వ పాఠశాలలలో పదవ తరగతి చక్కగా ముగించిన బాలబాలికలకు ఆరేండ్లు అక్కడనే బస, భోజనము, విద్య గల్పించి ఇంజనీర్లుగా తీర్చుట దీని యాశయము. ఇట్టి పిల్లలకు ప్రవేశమున కొంత మొగ్గు గూడ నీయబడినది. తొలి జట్టు 2014లో పట్టములు పుచ్చుకొని వెలికి వచ్చినది. కూలివాని కొడుకు, నేతగాని కూతురు ఇంజనీరైరన్న సంతోషము మనకందరకును గలదు.

అయితే ఆ సంతోషము వెంటనే ఒక ప్రశ్న పుట్టుచున్నది. పట్టము చేతబట్టుకొని విద్యాలయపు గేటు దాటిన యువకుడు ఏ దిక్కునకు పోవలెను? బెంగుళూరునకో, హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో పోవలెనని అందరును చెప్పుదురు. ప్రొద్దుటూరునకు పొమ్మనియు, జమ్మలమడుగునకు పొమ్మనియు, పులివెందులలోనే యుండుమనియు చెప్పువా రరుదు. లోయలో నింత విద్య పండుచుండగా దాని ఫలము లోయచుట్టునున్న ఊళ్ళకు దక్కకపోవుట విచారింపదగిన విషయము కాదా?

పరదేశములకు పోవుట తప్పని మేమనము. పోయినవారు ధనమును, విజ్ఞానమును గడించుచున్నారు. కాని ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాటలో లోతైన లోకానుభవమున్నది. తొలి జీతము చేతికి రాకముందే మహానగరమున అద్దెకు, అడ్వాన్సునకు, భోజనమునకు, ఊరూర ఇంటర్వ్యూలకు తిరుగుటకు సొమ్ము కావలెను. చిన్న కమతపు రైతు ఆ సొమ్మును వడ్డీకి దెచ్చుచున్నాడు. ఉద్యోగ మిప్పింతుమని చెప్పి వేలకొలది గుంజుకొను దళారులకు ఇట్టి పిల్లలే చిక్కుచున్నారు. ఆడపిల్ల సంగతి మరియు కష్టము. ఆరేండ్లు చదివించిన తండ్రి, దూరనగరమునకు ఒంటరిగా పంపుటకు జంకి, ఆమె పట్టమును పెట్టెలోబెట్టి పెండ్లిసంబంధములు వెదకుచున్నాడు. చేరువలో నొక కొలువు దొరకినచో ఆమె విద్య వ్యర్థము కాకుండును. రెండేండ్లు పనిచేసి ధైర్యము చిక్కిన పిమ్మట ఎంత దూరమైనను పోగలదు.

మన ప్రాంతమున పనులే లేవందుమా? యెఱ్ఱగుంట్ల, చిలమకూరు మొదలగు చోట్ల సిమెంటు కర్మాగారములున్నవి. ముద్దనూరు సమీపమున రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము 1994 మొదలు విద్యుత్తు నిచ్చుచున్నది. యెఱ్ఱగుంట్ల చుట్టునను నాపరాళ్ళను గోసి నునుపుచేయు యంత్రశాలలు బారులు తీరియున్నవి. మైలవరము మండలమున సూర్యరశ్మితో విద్యుత్తు తీయు విశాలక్షేత్రము వెలసినది. తుమ్మలపల్లెలో యురేనియము గని త్రవ్విరి. ప్రొద్దుటూరు బంగారమునకును, బట్టల వ్యాపారమునకును సీమయంతట పేరుగన్నది. పులివెందుల అరటి, చీనీ తోటల సిరి జగద్విదితము. వీనిలో లెక్కలు వ్రాయువారు, యంత్రములు బాగుచేయువారు, సరకు పరీక్షించువారు, గోదాములు నడుపువారు, కంప్యూటరు చూచువారు అక్కరలేదా? అక్కర యున్నది. లేనిదల్లా ఆ యక్కరకును మన పిల్లలకును నడుమ త్రోవ.

ఈ త్రోవ యేర్పడకుండుటకు మన యలవాటులే కొంత కారణము. అందు మొదటిది శంకుస్థాపనలకై కాచుకొని కూర్చుండుట. జమ్మలమడుగు ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగెను. 2018లో కంబాలదిన్నెవద్ద జరిగెను. 2019లో సున్నపురాళ్ళపల్లెవద్ద జరిగెను. 2023లో అచ్చటనే మరల జరిగెను. 2014వ సంవత్సరపు రాష్ట్ర పునర్విభజన చట్టము సైతము ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములను ఆరు మాసములలో పరిశీలింపవలెనని చెప్పెను. 2007లో ఒకటవ తరగతిలో చేరిన బాలుడు 2023 నాటికి ఇంజనీరింగు ముగించియుండును. కొలిమి మాత్రము రగులలేదు. కర్మాగారము రావలదని మే మనుటలేదు. రావలసినదే, అది మన హక్కు. కాని రాబోవు కొలిమిని నమ్ముకొని, ఉన్న కార్ఖానాల తలుపులు తట్టకుండుట వివేకము కాదు.

రెండవ యలవాటు సిఫారసు. ఖాళీ యున్నదన్న వార్త మన ఊళ్ళలో పత్రికలో రాదు, నోటీసుబోర్డుపై గానరాదు. అది చెవినుండి చెవికి ప్రాకును. చెవిలో బడినవాడు పెద్దమనిషి యింటి యరుగుపై పడిగాపులు గాచి ఉత్తరము తెచ్చుకొనును. ఉత్తరమిచ్చు దిక్కులేనివా డెంత చదివినను బయటనే యుండిపోవును. ఉత్తరముచే చేరినవాడో, పనికిగాక ఉత్తర మిచ్చినవానికి ఋణపడును. యజమానికి పనివాడు దొరకడు. పనివానికి గౌరవము దొరకదు. 1959లో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము పాతికమందికి తక్కువగాకుండ పనివారు గల ప్రైవేటు సంస్థలు గూడ ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్‌ఛేంజికి తెలుపవలెనని విధించెను. తెలిపినవారినే చేర్చుకొమ్మని యది నిర్బంధింపలేదు. తెలుపుమని మాత్రమే కోరినది. ఆ స్వల్పకార్యమైనను మనలో నెందరు చేసిరో ఎవరికివారు ఆలోచించుకొందురు గాక.

మూడవది అనుభవమను అడ్డుగోడ. అనుభవమున్నగాని పనియీయమని యజమాని యనును. పనియిచ్చినగాని అనుభవము రాదని యువకు డనును. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఇచ్చట సరిగా చెల్లుచున్నది.

ఇందులకు చట్టముచే స్థానికులకు వాటా నిర్ణయించుటయే మందని కొందరి వాదము. వెనుకబడిన సీమ తన పాలు గోరుట నేరము కాదు. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున శ్రీబాగు భవనమున జరిగిన ఒడంబడిక ఈ న్యాయము నంగీకరించినదే. 1975వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు ప్రభుత్వోద్యోగములలో జిల్లాకును, మండలికిని స్థానికపు వాటాలు గల్పించెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చేసిన చట్టము పరిశ్రమలలో నూటికి 75 కొలువులు స్థానికుల కీయవలెననియు, తగినవారు దొరకనిచో మూడేండ్లలో శిక్షణ యిచ్చి తయారుచేసికొనవలెననియు విధించెను. దాని చెల్లుబాటును హైకోర్టులో ప్రశ్నించిరి. హర్యానా చేసిన యిట్టి చట్టమును అచ్చటి హైకోర్టు 2023 నవంబరు 17వ తేదీన రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గ మిట్టి బిల్లునే యామోదించి, కలకలము చెలరేగగా రెండుమూడు దినములలోనే నిలిపివేసెను. ఆ బిల్లు అమలు జరిగియుండినచో మొదట దెబ్బతినువా రెవరు? బెంగుళూరులో పనిచేయుచున్న మన పులివెందుల, ప్రొద్దుటూరు పిల్లలు గాదా? మన యింటి తలుపు మూసికొని పొరుగింటి తలుపు తెరచియుంచుమని కోరుట న్యాయము కాదు. భారతదేశమంతయు నొక్కటియని నమ్మువార మగుటచే ఈ మాట చెప్పుటకు మేము వెనుదీయము.

గనికిని, కర్మాగారమునకును భూములు గోల్పోయినవారి సంగతి మాత్రము వేరు. తుమ్మలపల్లె, రాచకుంటపల్లె, మబ్బుచింతలపల్లె రైతుల వంటివారు తమ జీవనాధారమునే యిచ్చివేసిరి. వారి బిడ్డలకు కొలువు దయాధర్మము గాదు, బాకీ. ఆ బాకీ తీరవలసినదే. తక్కినవారికి వాటాకన్న మేలైన యుపాయ మొకటి 1961 నుండియు మన చేతిలోనే యున్నది. అది అప్రెంటీసుల చట్టము.

ముప్పదిమంది గాని అంతకు మించిగాని పనివారు గల సంస్థ తన బలములో నూటికి రెండున్నరకు తగ్గకుండ, పదునైదుకు మించకుండ శిక్షణార్థులను భృతిపై చేర్చుకొనవలెనని 2019లో సవరింపబడిన నిబంధనలు చెప్పుచున్నవి. నాలుగువందలమంది పనిచేయు కార్ఖానా పదిమందికి తక్కువగాకుండ చేర్చుకొనవలెను, అరువదిమందివరకు చేర్చుకొనవచ్చును. ఐ.టి.ఐ. చదివినవాడును, డిప్లొమా గలవాడును, పట్టభద్రుడును ఇందు చేరవచ్చును. భృతిలో కొంతభాగమును ప్రభుత్వము భరించు పథకములు గూడ గలవు. శిక్షణ ముగిసినవారిని ఉద్యోగములోనికి తీసికొనుటకు ప్రతి యజమానియు నొక విధాన మేర్పరచుకొనవలెనని 2014వ సంవత్సరపు సవరణ కోరినది. ఇందు ఎవరి యూరును, ఎవరి కులమును అడుగ నక్కరలేదు. అయినను స్వల్పభృతిపై ఏడాది పనినేర్చుకొనుటకు కార్ఖానాకు చేరువనున్న పిల్లలకే సౌకర్యము గావున, ఫలము సహజముగా చుట్టుపట్ల పల్లెలకు దక్కును. వాటా వలన దొరకు కొలువు న్యాయస్థానపు తీర్పుపై వ్రేలాడుచుండును. పనినేర్పు వలన దొరకిన కొలువును ఎవ్వరును కొట్టివేయలేరు. అనుభవమను అడ్డుగోడకు ద్వారము గూడ నిదియే.

కావున మా పాఠకులకు కొన్ని మనవులు. కార్ఖానాలు, మిల్లులు, పెద్ద దుకాణములు గల యజమానులారా! మీ ఖాళీలను బాహాటముగా ప్రకటింపుడు. ఇడుపులపాయ విద్యాలయమునకును, పులివెందుల, ప్రొద్దుటూరు ఇంజనీరింగు కళాశాలలకును, ఐ.టి.ఐ.లకును ఒక్కొక్క కాగితము పంపుటకు మీకగు ఖర్చు స్వల్పము. శిక్షణార్థిని జేర్చుకొన్నపుడు వానిచేత తేనీరు తెప్పించి, ఫైళ్ళు మోయించి యేడాది గడుపక, పని నేర్పుడు. పెద్దమనుషులారా! మీ యరుగుమీది కుఱ్ఱవానికి సిఫారసు ఉత్తరమునకు మారుగా ఖాళీల చిరునామాల నీయుడు. తోటలు గల రైతులారా! అరటిగెల కోసిన నాటినుండి సంత చేరులోపల ఎంత సరకు చెడుచున్నదో మీరెరుగుదురు. శీతల గిడ్డంగి, సరకుల వర్గీకరణ, తూకము, లెక్క వీనిలో చదువుకొన్న పిల్లవానికి పనియున్నది. నలుగురు రైతులు గలిసి యొకనికి జీతమిచ్చినను ఆ జీతము వృధా కాదు.

విద్యాలయముల యధికారులు గూడ దూరపు కంపెనీలను పిలుచుటతో తమ పని ముగిసినదని తలంపరాదు. నాపరాయి యంత్రము, సిమెంటు ప్రయోగశాల, బోరుబావి మోటారు, సూర్యవిద్యుత్ పలకలు విద్యార్థులకు పాఠములో భాగము గావలెను. చదువుచున్నపుడే సెలవులలో ఈ చోట్లకు పంపినచో యజమానికి విద్యార్థియు, విద్యార్థికి యజమానియు నెరుకపడుదురు.

యువకులకును ఒక మాట. సమీపపు కొలువున జీతము తక్కువగ నుండవచ్చును. దుమ్మునను, ఎండలోను పని యుండవచ్చును. ఇంజనీరు చదివి రాళ్ళ మిషనువద్ద నిలుచుటయా యని బంధువులు నవ్వవచ్చును. నవ్వువారు పస్తులున్నపుడు అన్నము పెట్టరు. తల్లిదండ్రులును తొలి జీతపు అంకెను బట్టి బిడ్డ విలువ గట్టు నలవాటును మానవలెను. ఇంట తిని, పని నేర్చి, అప్పులేకుండ గడపిన మొదటి రెండేండ్లు నగరములో గడపిన రెండేండ్లకు తీసిపోవు.

దేశస్వాతంత్ర్యమునకు 2022లో డెబ్బదియైదేండ్లు నిండినవి. ఆ స్వాతంత్ర్యము పల్లెటూరి బిడ్డకు బడినిచ్చినది, విశ్వవిద్యాలయము నిచ్చినది. ఇక నీయవలసినది గౌరవముతో గూడిన తొలి పని. అది ఢిల్లీనుండియే గాని, రాజధానినుండియే గాని రానక్కరలేదు. ప్రొద్దుటూరు దుకాణమునుండి, యెఱ్ఱగుంట్ల కార్ఖానానుండి, పులివెందుల తోటనుండి రాగలదు. రానున్న వేసవిలో పట్టము పుచ్చుకొని ఇడుపులపాయ గేటు దాటు బిడ్డలలో కొందరైనను ఈ మూడు సీమలవైపునకు తిరిగి నడచునట్లు, వారు తట్టిన తలుపు తెరచుకొనునట్లు మన పెద్దలు ఇప్పటినుండియే పూనుకొందురని మేము నమ్ముచున్నాము.