కుంటి సాయిబు

మైనారిటీలో కూడా మైనారిటీ ఉంటుంది. మన అస్తిత్వ చర్చల్లో ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఈ దేశం మమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తోందని నిలదీసే ముస్లిం ఇళ్లలోనే మేం పరాయివాళ్లం. లంగ్డా, అంధా, బహ్రా, పాగల్... ఇవీ మా పేర్లు. అమ్మీ అబ్బా పెట్టిన పేర్లు రేషన్ కార్డు మీదే మిగిలాయి.

సబ్బవరంలో పోలియో కాలుతో పెరిగిన నన్ను 'కుంటి సాయిబు' అన్నారు. ఒక్క పిలుపులో రెండు దెబ్బలు. సాయిబు అన్న తీరుకు మావాళ్లకు కోపం వచ్చింది. కుంటి అన్నందుకు ఎవరికీ రాలేదు. తలొంచుకున్నారు, నన్నూ తలొంచుకోమన్నారు. సిగ్గు పుట్టుకతో రాదు, ఇలా నేర్పితే వస్తుంది.

పెళ్లివారొస్తే వెనక గది. తాయెత్తులు, ఊదిన నీళ్లు, దర్గా మొక్కులు. ప్రేమతోనే చేశారు, కాదనను. ఆ ప్రేమకు కూడా మా ఒళ్లు ఒక తప్పుగానే కనిపించింది. ఈ దాపరికం ఎందాకా పోతుందో ఏర్వాడి చెప్పింది. తమిళనాడులోని ఆ దర్గా ఊరికి అన్ని మతాలవాళ్లూ మతి చెదిరిన తమవాళ్లను తెచ్చి వదిలేవాళ్లు. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది కాలిపోయారు. ఆ గొలుసులకు తాళం వేసింది ఆశ్రమం వాడొక్కడేనా?

'అల్లా పెట్టిన పరీక్ష, సబర్ చెయ్' అనే పెద్దలారా! ఖురాన్ 80వ సూరా 'అబస' ఎందుకు దిగిందో మీకు తెలీదా? ప్రవక్త ఖురైషు పెద్దలతో మాట్లాడుతుండగా అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ వచ్చాడు. ప్రవక్త మొహం చిట్లించి తిప్పుకున్నందుకు అల్లాయే మందలించాడు. ఆ అంధుడే తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చాడు, ప్రవక్త ఊళ్లో లేనప్పుడు నమాజు చదివించాడు. మరి మన మసీదుల్లో మాకు చోటెక్కడ? గుమ్మం బయట, చెయ్యి చాచేవాళ్ల వరసలోనా? చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు కట్టరు. చెవులు వినపడనివాళ్లకు జుమ్మా ఖుత్బా సైగల్లో చెప్పరు. జకాత్ చేతిలో పెడితే రుణం తీరిందనుకుంటారు.

లౌకిక మిత్రులారా, మీ లెక్కా ఉంది. మతం మీకు 'గుడ్డిది', ప్రభుత్వం 'చెవిటిది', చట్టం 'అవిటిది'. మీకు నచ్చని ప్రతిదానికీ మా ఒళ్లే ఉపమానమా? 'తురక' అన్న మాటను తిట్టుగా వాడకూడదని తెలిసినవాళ్లకు ఇదెందుకు తెలీదు? 2015 చివర్లో ఢిల్లీ పెద్దలు మాకు 'దివ్యాంగులు' అని పేరు పెట్టారు. మాకు దివ్యత్వం వద్దు. బస్సు మెట్టు కాస్త కిందికి దించండి, చాలు.

1965లో అలీగఢ్‌లో పుట్టిన జావేద్ ఆబిదీ చక్రాల కుర్చీలో కూర్చునే 1995 వికలాంగుల చట్టం కోసం జరిగిన పోరాటానికి ముందు నిలిచాడు. 2018లో పోయాడు. మన ముస్లిం ప్రముఖుల జాబితాల్లో ఆయన పేరేది? ఆ చట్టం 7 వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా ఉంది. 'మొద్దు', 'పాగల్' అంటూ బడిలో దెబ్బలు తిన్నవాళ్లకు ఇన్నాళ్లకు తమ సంగతేమిటో తెలిసింది. సర్కారీ కొలువుల్లో 4 శాతం మాకు రాసింది కూడా ఆ చట్టమే. 2007లో వచ్చిన బీసీ-ఇ 4 శాతం కోసం గొంతెత్తే మన నాయకులు ఈ 4 శాతం ఊసెత్తరేం? చట్టాలు బోధించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మా సబ్బవరంలోనే ఉంది. చట్టం మాత్రం మా జంక్షన్ దాకా నడిచి రాలేదు.

కాలు చచ్చుబడినందుకు గర్వమేమిటని అడుగుతారు. దాక్కోవడం మానేశాను, అందుకు గర్వం. సాయిబునని తలెత్తుకు తిరుగుతూ, కుంటివాణ్ణని తల దించుకోవడం నావల్ల కాదు. ఒక మెడ మీద రెండు తలలుండవు.

1966లో మా ప్రాంతం 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రోడ్డెక్కింది. ఉక్కును ఎవరి దయగానూ అడగలేదు. మేమూ అంతే. సబర్ చాలా చేశాం. ఇక హిసాబ్ అడుగుతాం. మసీదు మెట్ల దగ్గరా, మీ సాహిత్య సభల మెట్ల దగ్గరా.