ఈసారి పెట్టెలో పచ్చికాయలే పంపండి



వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మన క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి, తోట నుంచి నేరుగా బేనిషా కాయలు, కావలసినవాళ్ళు చెప్పండి అని. రెండోది, కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెడుతున్న వీడియో, దాని కింద పిల్లలకు మామిడిపండు పెట్టకండి అన్న హెచ్చరిక. ఒక్కోసారి రెండూ ఒకే నంబరు నుంచి వస్తాయి!

మనం బనగానపల్లె వాళ్ళం. హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకూ, బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడికీ, ట్యూషన్ సారుకూ ఒక పెట్టె పంపకపోతే మనకు మామిడికాలం గడిచినట్టే ఉండదు. 2017లో ఈ కాయకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరునే దేశమంతా పండు పేరుగా పిలుస్తున్నారు. ఇలాంటి ఊళ్ళో ఉండి పండు తినాలా వద్దా, పంపాలా మానాలా అని ఆలోచించాల్సి రావడం బాధగానే ఉంటుంది. తినాలి, పంపాలి అనే నేనంటాను. మార్చుకోవలసింది పంపే తీరు.

ముందు భయంలో ఎంత నిజముందో చూద్దాం. కాల్షియం కార్బైడ్ అంటే గ్యాస్ వెల్డింగ్ షాపుల్లో వాడే రాయి. దానికి తడి తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. మీ పదో తరగతి పిల్లలు కెమిస్ట్రీలో ఇథైన్ అని చదివేది దీన్నే. ఆ వాయువు తగిలితే కాయ పైతొక్క తొందరగా పసుపెక్కుతుంది, లోపల మాత్రం పులుపు పోదు. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి కాబట్టే పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. 2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. మరుసటి ఏడాది కేంద్ర ఆహార భద్రత సంస్థ ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఇచ్చింది. ఇథిలీన్ అంటే కాయ మాగేటప్పుడు తనలో తానే తయారుచేసుకునే వాయువు. కాబట్టి మార్కెట్లో మాగబెట్టిన పండు ప్రతిదీ విషం కాదు. ఇది మాత్రం ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

అదే 2015లో మ్యాగీ గొడవ గుర్తుందా? జూన్‌లో దుకాణాల నుంచి తీసేశారు, ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, నవంబరుకల్లా మళ్ళీ అమ్మకానికి వచ్చింది. అది ఒక కంపెనీ, ఒక ప్యాకెట్, ఒక కేసు. మామిడికి అలాంటి తీర్పు ఎప్పటికీ రాదు. ఏ గంపలోది ఎలా మాగిందో ఆ గంపకే తెలుసు.

పోనీ ఇంట్లో పరీక్షించుకోవచ్చా? నీళ్ళలో వేస్తే తేలింది కార్బైడ్ కాయ, మునిగింది మంచి కాయ అని గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అది పూర్తి నిజం కాదు. పక్వానికి వచ్చిన కాయ బరువెక్కి మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. అంటే తెలిసేది కాయ ముదురో లేతో అన్నదే, దేనితో మాగిందో కాదు. అయినా ఈ సంగతి పనికొస్తుంది, ఎందుకంటే కార్బైడ్ అవసరం పడేది ఎక్కువగా లేతకాయకే.

లేతకాయ ఎందుకు కోస్తారో కూడా ఆలోచించండి. పూత మీదే తోటను గుత్తకు తీసుకున్న మనిషి పెట్టుబడి పెట్టి కూర్చుంటాడు. గాలివాన వస్తే కాయ నేలపాలు. ముందు మార్కెట్‌కు చేరిన కాయకు ధర ఎక్కువ. ఉగాది పోగానే బంగారంలా మెరిసే పండు కావాలని అడిగేది ఎవరు? మనమే. తప్పు చేసేవాణ్ణి వెనకేసుకురావడం లేదు. కాని ముందే పసుపు కాయకు ఎక్కువ డబ్బిచ్చే చేయి మనది.

ఇక నాకు అసలు ఇబ్బందిగా అనిపించే సంగతి చెబుతాను. వీడియో చూశాక మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? ఎవరో ఇచ్చిన పెట్టె మీద అనుమానం వస్తుంది. పిల్లలకు పెట్టం. పారేయడానికి మనసొప్పదు. చివరికి పనిచేసే ఆమెకో, వాచ్‌మన్‌కో ఇచ్చేస్తాం, లేదా ఇంకో చుట్టాలింటికి తీసుకుపోతాం. వాళ్ళ ఇంట్లోనూ పిల్లలున్నారు. మన బిడ్డకు వద్దనుకున్నది ఇంకొకరి బిడ్డకు ఇవ్వడాన్ని పెట్టుపోత అనలేం. పక్కనే నిలబడి మన పిల్లలు ఇదంతా చూస్తుంటారు. పెట్టె అడుగున సున్నంలాంటి తెల్లని పొడి ఉన్న కాగితం పొట్లం కనిపించి, వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వస్తే ఎవరికీ ఇవ్వకండి. జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి చెప్పండి. పేరు, వివరాలు అచ్చువేసిన ఇథిలీన్ సాచెట్ అయితే సంగతి వేరు, దాన్ని చూసి కంగారు పడొద్దు.

పంపేవాళ్ళకు సులువైన దారి పచ్చికాయ. ఏప్రిల్ చివరిదాకా ఓపిక పట్టండి. తొడిమె దగ్గర భుజాలు లేచి, బుగ్గలు నిండిన కాయ చూసి, మాగనివే కావాలని అడగండి. పచ్చికాయ ఇవ్వను, పండే తీసుకోండి అనే వ్యాపారి దగ్గర ఆగకండి. సొన కారిపోయాక కడిగి, తడి ఆరనిచ్చి, వరిగడ్డిలో సర్ది ఆర్టీసీ కార్గోలో వేసేయండి. ఊరు చేరేసరికి సగం దోరగా ఉంటాయి. గడ్డితో సహా గదిలో ఓ మూల పెట్టుకుంటే సుమారు వారంలో మాగుతాయి. బియ్యం డబ్బాలో పెట్టినా సరే. ఈ మాటలే ఒక కాగితం మీద మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో రాయించి పెట్టెలో పెట్టండి. తెలుగు రాత అలవాటు తప్పకుండా ఉంటుంది, సెలవుల్లో మేమిచ్చే హోంవర్క్ కంటే ఇష్టంగానూ రాస్తారు. మనింట్లో గడ్డి కింద ఏ కాయ ముందు మాగుతుందో రోజూ చూసే పని వాళ్ళకే అప్పగించండి.

టీచర్లకు తెచ్చేవారికి ఒక మనవి. పెట్టెలు మాత్రం వద్దు. మీ పాప చేత్తో ఒక్క కాయ చాలు, అది పచ్చిదైనా సరే. మా ఇళ్ళలోనూ బియ్యం డబ్బాలున్నాయి.