ఆ గుంత ఎవరిది?

చిన్న పట్టణాల రోడ్ల గురించి మాటెత్తితే చాలు, చదువుకున్నవాళ్ల నోట తయారుగా ఒక తీర్పు ఉంటుంది: జనానికి బాధ్యత లేదు. గుంత తప్పించుకుని బండి తిప్పుకు పోతారు గానీ ఎవరికీ చెప్పరు. ఫొటో తీసి యాప్‌లో పెడితే అయిపోయే పనికి కూడా ఓపిక లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వీధుల్లో తిరిగినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఇక్కడ జనం చెప్పనిదెప్పుడు? సోమవారం ప్రజావాణికి అర్జీ రాసుకుని కలెక్టరేట్‌కు పోతారు. కౌన్సిలర్ కనబడితే బండి ఆపి మరీ అడుగుతారు. విలేకరికి ఫోన్ చేస్తే జిల్లా పేజీలో ‘పొంచి ఉన్న ప్రమాదం’ అని ఫొటో పడుతుంది. మోరీ మీద బండ పగిలితే పక్కింటాయన చెట్టుకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కడతాడు. అదీ ఫిర్యాదే. దానికి నంబరు లేదు కాబట్టి అది ఏ లెక్కలోకీ రాదు, అంతే.

లోపం చెప్పడంలో లేదు. విన్నవాడు ‘ఇది నాది’ అనకపోవడంలో ఉంది. నాగర్‌కర్నూల్‌నే తీసుకోండి. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ పోయే 167కె జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇలాంటి ఊళ్లో మెయిన్ రోడ్డు ఒక శాఖది, పక్క మోరీ మున్సిపాలిటీది, అడ్డంగా ఉన్న స్తంభం కరెంటోళ్లది, పైపు కోసం తవ్వి సగం పూడ్చిన కందకం ఇంకొకరిది. నాలుగూ కలిసే మూలనే స్కూలు పిల్లలు రోడ్డు దాటుతారు. అర్జీ ఎక్కడిచ్చినా ‘మా పరిధిలోకి రాదు’ అనవచ్చు, అది అబద్ధం కూడా కాదు. ‘సంబంధిత శాఖకు పంపాం’ అని రాస్తే కాగితం మీద పని ముగిసినట్టే. గుంత మాత్రం ఎక్కడిదక్కడే.

విదేశీ యాప్‌ల పేర్లు చెప్పి మనల్ని సిగ్గుపడమనేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. బ్రిటన్‌లో 2007లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ గొప్పతనం ఫొటోలో లేదు. మ్యాపు మీద చోటు చూపిస్తే, ఆ సమస్య ఏ స్థానిక సంస్థ చూడాలో అదే తేల్చుకుని అక్కడికే పంపుతుంది. పంపిన ఫిర్యాదు ఊరందరికీ కనిపించేలా ఉంచుతుంది. మనకు కావలసింది ఆ తేల్చడమే. అంతదూరం పోనక్కర్లేదు, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు మొదట్లో బోర్డు చూడండి. కాంట్రాక్టరు పేరు, ఖర్చు, ఐదేళ్ల నిర్వహణ ఎవరిదో రాసి ఉంటుంది. పల్లె రోడ్డుకున్న ఆ పాటి చిరునామా జిల్లా కేంద్రంలోని చౌరస్తాకు లేదు!

2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. 33 వార్డుల వనపర్తిలో లెక్క కడితే 1,980 మంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఇంతమందిని కాగితం మీద కూర్చోబెట్టి, జనం నోరు విప్పరనడం ఏ న్యాయం?

చకచకా పరిష్కారమయ్యే ఫిర్యాదు ఒకటుంది, ఒప్పుకోవాలి. ఫుట్‌పాత్ మీద టీ బండి ఉందని చెప్పి చూడండి, సాయంత్రానికి లేచిపోతుంది. అదే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గద్దె గానీ, పెద్ద దుకాణం మెట్లు గానీ కదలవు. వీధి వ్యాపారుల చట్టం వచ్చింది 2014లో. సర్వే చేసి, కనీసం 40 శాతం వ్యాపారులే ఉండే కమిటీతో మాట్లాడి చోటు చూపించాలన్నది అందులోని మాట. బలహీనుడి మీద పడ్డప్పుడు మాత్రమే పనిచేసే ఫిర్యాదును పౌరబాధ్యత అనడానికి నాకు నోరు రాదు. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఆ హక్కుకు అడ్డం టీ బండి ఒక్కటేనా?

2013 అక్టోబరు 30న ఇప్పటి వనపర్తి జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. ఇలాంటప్పుడు మన వేలు ముందు డ్రైవరు వైపే పోతుంది. రోడ్డు కట్టినవాళ్లను, చూసుకోవలసినవాళ్లను కూడా అడగడానికి 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. అదీ మనిషి పోతేనో, వైకల్యం వస్తేనో. అంతకుముందు ఎన్ని అర్జీలిచ్చినా ఆ సెక్షన్ కదలదు. కానీ ఆ రోజు వస్తే, ‘మాకు తెలియదు’ అనే శాఖకు ఎదురు నిలిచేది తేదీ వేసిన రసీదే. నోటిమాటగా చెబితే నవ్వుతూ వినేవాళ్లు రసీదు అడిగితే ఎందుకు నసుగుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి ఈసారి గుంత ఫొటోతో ఆగకండి. ఈ రోడ్డు ఏ శాఖది, నిర్వహణ బాధ్యత ఏ హోదా అధికారిది, పని చేసిన కాంట్రాక్టరు ఎవరు, ఆయన గడువు ఎప్పటిదాకా అని సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. తమది కాకపోతే ఆ దరఖాస్తును సరైన కార్యాలయానికి ఐదు రోజుల్లో బదిలీ చేయాల్సింది వాళ్లే. జవాబుకు మామూలుగా గడువు 30 రోజులు.