కుంచెయు కలమును: అడివి బాపిరాజుగారు



మిర్యాలగూడెము, కోదాడ సీమల వారమగు మనకు సాగరపు నీరే అన్నము పెట్టుచున్నది. ఆ నీటి యడుగున నొక మహానగరము మునిగియున్న సంగతి మాత్రము తరచుగా మరచుచుందుము. అది ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. ఆ పురమును నవలారూపమున మన యింటికి తెచ్చిన అడివి బాపిరాజుగారిని ఈ మాసము స్మరింతము.

బాపిరాజుగారు 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదువుకొను దినములలో, కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర వారిలోని కళాభిరుచిని గుర్తించి ప్రోత్సహించెను. దామెర్ల రామారావుగారును ఆ ప్రోత్సాహమునకు పాత్రులైన వారే. పిమ్మట బాపిరాజుగారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారి కడ చిత్రలేఖనము నభ్యసించిరి. కొంతకాలమునకు ఆ కళాశాలకే అధ్యక్షులైరి. న్యాయశాస్త్రము చదివియు ఆ వృత్తిలో నిలువలేదు. స్వాతంత్ర్యోద్యమమున చెరసాల కేగిరి. హైదరాబాదున ‘మీజాన్’ పత్రికకు సంపాదకత్వము వహించిరి. చలనచిత్రములకు కళాదర్శకులుగా పనిచేసిరి. ‘శశికళ’ గీతములు రచించిరి. వారి ‘నారాయణరావు’ నవలకును, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’నకును కలిపి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో బహుమాన మొసగెను.

ఒక్క మనిషి కిన్ని విద్య లేల, ఒక్కదానినే పట్టుకొనరాదా యని కొంద రందురు. ముగ్గుపెట్టు చేతితోనే దండ గ్రుచ్చి, ఆ నోటితోనే మంగళహారతి పాడు స్త్రీలకు ఈ ప్రశ్న వింతగా తోచును. ఒక విద్య మరియొక విద్యకు తోడగునే గాని అడ్డుగాదు. ఇందుకు ‘అడవి శాంతిశ్రీ’ నవలయే నిదర్శనము.

1926లో నాగార్జునకొండ లోయలోని శిథిలములు పండితుల కంటబడెను. మరుసటి యేటినుండి త్రవ్వకములు సాగెను. అచట దొరకిన ప్రాకృత శాసనములలో స్త్రీల పేర్లు మెండుగా గలవు. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీయో, బౌద్ధ మహాచైత్యమును ఉద్ధరించిన దాత. ఒకే యింట రెండు ధర్మములు కలహము లేక వర్ధిల్లినవి. బోధిశ్రీ యను ఉపాసిక సింహళ భిక్షువులకై చైత్యగృహము కట్టించెను. మహారాజు కూతురు అడవి శాంతిశ్రీ ఒక స్తంభము నెత్తించెను.

శాసనము పేరును, బంధుత్వమును, దానమును మాత్రమే చెప్పును. ఆమె యెట్టి చీర కట్టినదో, ఏ సొమ్ములు దాల్చినదో, ఏమి తలపోసినదో చెప్పదు. బాపిరాజుగారు ఆ రాకుమారినే నాయికగా గైకొనిరి. చిత్రకారుని కన్నుతో వస్త్రములను, భవనములను చూచి, కవి హృదయముతో ఆమె మనస్సును ఊహించి, రాతిలోని పేరునకు ప్రాణము పోసిరి. కుంచె పట్టని వానికి ఇది దుష్కరము.

వారు 1951లో సింహళమున కేగి, సిగిరియా కొండపైని స్త్రీమూర్తుల చిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. 1952లో పరమపదించిరి. మూడేండ్లకు, 1955 డిసెంబరు 10వ తేదీని, సాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. అంతకుముందే లోయలో మరల త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించిరి. తక్కిన దంతయు నీటి పాలయ్యెను. వారు వర్ణించిన పురమును చూడబోయిన నేడు కనబడునది నీరే.

ఆనకట్ట కట్టకుండిన బాగుండునని నే ననను. మన బిడ్డల కంచములోని అన్న మా నీటి ఫలమే. కాని ఒక నగరమును ముంచి తెచ్చుకొన్న యన్నము తినువారికి, ఆ నగరపు కథ తెలిసికొను బాధ్యత లేదా?

కావున లాంచీ యెక్కి కొండకు పోవుటకు ముందు ‘అడవి శాంతిశ్రీ’ని చదువుడు. చదువు వచ్చిన కూతురుచేత నత్తగారికి వినిపింపజేయుడు. తరువాత మ్యూజియములోని శిల్పముల యెదుట నిలువుడు. అందలి స్త్రీలు మీకు పరాయివారుగా తోపరు.