ఆ నాబ్‌కు కట్టిన తీగ విప్పండి

నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, వినుకొండ ఊళ్లలో గ్యాస్ ఫ్రయర్ పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్న చికెన్ సెంటర్ల వారికి, ఫాస్ట్‌ఫుడ్ బండ్ల వారికి, మిఠాయి దుకాణాల వారికి, ఆ యంత్రాల ముందు గంటల తరబడి నిలబడే వంటవాళ్లకు ఒక మాట.

శివరాత్రి దగ్గర పడుతోందంటే మా మెకానిక్కులకు ఫోన్లు మొదలవుతాయి. కోటప్పకొండ కింద ప్రభలు నిలబడే వేళకు ఫ్రయర్ మండాలి, తెల్లవార్లూ మండాలి. "పైలెట్ నిలవడం లేదన్నా, ఏదో ఒకటి చేసి వెళ్లు" అంటారు. ఆ "ఏదో ఒకటి" గురించే ఈ విజ్ఞప్తి. మన దగ్గర దానికి అర్థం ఒకటే: నాబ్‌ను లోపలికి నొక్కిపెట్టి బైండింగ్ తీగతో బిగించి కట్టేయడం. ఇక పైలెట్, అంటే బర్నర్‌ను వెలిగించే చిన్న మంట, ఆరదు; గిరాకీ ఆగదు. అలా కట్టినవి మన జిల్లాలో ఎన్ని దుకాణాల్లో ఉన్నాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు. దయచేసి వాటిని విప్పండి. కట్టమని మమ్మల్ని అడగకండి. తోటి మెకానిక్కులారా, వాళ్లు అడిగినా మీరు కట్టకండి.

ఎందుకో చెప్తాను. ఫ్రయర్ వెలిగించేటప్పుడు నాబ్‌ను అరనిమిషం దాకా నొక్కి పట్టుకుంటాం కదా, ఆ అరనిమిషం దేనికోసమో చాలామందికి ఎవరూ చెప్పలేదు. పైలెట్ మంటలో మునిగి ఉండే సన్నటి రాగి రంగు గొట్టం కొసన రెండు రకాల లోహాలు అతికి ఉంటాయి. దాన్ని థర్మోకపుల్ అంటారు. ఆ అతుకు వేడెక్కితే కరెంటు పుడుతుంది. ఎంతనుకున్నారు? 25, 30 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్‌లో ఉండే దాంట్లో యాభయ్యో వంతు. ఆ కాస్త కరెంటే గ్యాస్ వాల్వులో ఉన్న చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. గాలికో, నూనె పొంగో పైలెట్ ఆరిపోతే అతుకు చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. మనిషి చూడకపోయినా గ్యాస్ ఆగిపోతుంది. నాబ్‌ను తీగతో కట్టామంటే ఆ అయస్కాంతం పని మనం తీసేసుకున్నట్టే. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. పైకి పోకుండా నేల మీద పాకుతూ మురుగు కాలవలోకో, పక్క బండి పొయ్యి కిందికో చేరుతుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

పైలెట్ నిలవకపోతే కారణం తొంభై పాళ్లు చిన్నదే. థర్మోకపుల్ కొసకు మసి పట్టి ఉంటుంది, లేదా వాల్వు దగ్గర దాని నట్టు వదులై ఉంటుంది, లేదా పైలెట్ జెట్టులో దుమ్ము చేరి మంట పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. తుడిస్తే పోయేది తుడుస్తాం, పోయిందైతే కొత్తది వేస్తాం. మీరు ఒక్క సాయంత్రం అమ్ముకునే చికెన్ పకోడీతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకే రాదు.

థర్మోకపుల్ తర్వాత రెండో కాపలాదారు హై లిమిట్. థర్మోస్టాట్ నూనెను 170, 180 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. అది చెడి బర్నర్ ఆగకుండా మండుతుంటే, సుమారు 230 డిగ్రీల దగ్గర హై లిమిట్ గ్యాస్‌ను కోసేస్తుంది. మళ్లీ దాని బటన్ నొక్కితే గానీ వెలగదు. తరచూ ఆగిపోతోందని దాని వైర్లు రెండూ కలిపేసి చుట్టేసిన ఫ్రయర్లు కూడా ఉన్నాయి. అది ఆగడం దాని జబ్బు కాదు, థర్మోస్టాట్ జబ్బును అది బయటపెడుతోంది. 360 డిగ్రీలు దాటితే నూనెకు అగ్గిపుల్ల అక్కర్లేదు, తనంతట తానే అంటుకుంటుంది.

పాత నూనె సంగతి ఇక్కడే చెప్పాలి. నూనె వాడేకొద్దీ పొగ లేచే వేడి తగ్గుతూ వస్తుంది, అంటుకునే వేడీ తగ్గుతుంది. కొత్త నూనెకు లెక్కగట్టి పెట్టిన హై లిమిట్ నల్లబడిన నూనెను కాపాడుతుందన్న పూచీ లేదు. మరిగేకొద్దీ నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. రోజుకు 50 లీటర్లకు పైగా నూనె వేయించడానికి వాడేవారు దాని లెక్క రాసి ఉంచాలి. వాడిన నూనెను బయోడీజిల్‌కు సేకరించే ఏర్పాటు కూడా 2018లోనే మొదలైంది. కాలవలో పోయకండి, తక్కువ ధరకు అడిగే చిన్న బండ్లకు అమ్మకండి.

రెగ్యులేటర్ దగ్గర కొంచెం ఆగాలి, మన దగ్గర ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. బాండీ కింద హోరున మండే భట్టీ పొయ్యికి హై ప్రెషర్ రెగ్యులేటర్ కావాలి. థర్మోస్టాట్, పైలెట్ ఉన్న ఫ్రయర్లలో ఎక్కువ భాగం మాత్రం 28, 30 మిల్లీబార్ల ఒత్తిడికి తయారైనవి. వెనక రేకు మీద రాసే ఉంటుంది, చదవండి. భట్టీ రెగ్యులేటర్ తెచ్చి దీనికి తగిలిస్తే ఉండాల్సిన దానికి పదిహేను నుంచి ముప్పై రెట్ల ఒత్తిడి వెళ్లి వాల్వులోని పల్చటి పొర చిట్లుతుంది. హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండు ఫ్రయర్ కొనుక్కొచ్చిన వారు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ పైపులైను గ్యాస్‌కు వాడినదైతే జెట్టు రంధ్రం పెద్దది. మన గ్యాస్ బండకు తగిలిస్తే మంట పసుపుగా, పొడవుగా లేచి మసి కక్కుతుంది. జెట్లు మార్చకుండా వెలిగించకండి. రెంటచింతల ఎండలు ఎలాంటివో చెప్పక్కర్లేదు, బండను నీడలో నిలువుగా ఉంచండి. గ్యాస్ తగ్గిందని పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. ఇంటి బండను వ్యాపారానికి వాడకూడదన్న సంగతి అందరికీ తెలిసిందే, దాని మీద ఉపన్యాసం ఇవ్వను.

సర్వీసు మాట. మంట ఉండగా పని చేయించకండి. ఇది చాదస్తం కాదు. 1991 సెప్టెంబరు 3న అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం హామ్లెట్ అనే చిన్న ఊళ్లో, కోడిమాంసం వేయించి ప్యాక్ చేసే ఇంపీరియల్ ఫుడ్స్ ఫ్యాక్టరీలో ఫ్రయర్ పక్కన హైడ్రాలిక్ గొట్టం బాగుచేశారు. ఫ్రయర్ కింద గ్యాస్ బర్నర్లు మండుతూనే ఉన్నాయి. గొట్టం ఊడింది, చిమ్మిన హైడ్రాలిక్ నూనె మంటల్లో పడింది. తలుపులు కొన్నింటికి బయటి నుంచి తాళాలు. 25 మంది చనిపోయారు, ఎక్కువమందిని చంపింది పొగే. పదకొండేళ్లుగా నడుస్తున్న ఆ ఫ్యాక్టరీకి భద్రత తనిఖీ ఒక్కటి కూడా జరగలేదు. మన దుకాణాలు దానంత పెద్దవి కావు. కానీ వెనక తలుపుకు నూనె డబ్బాలు అడ్డం పెట్టే అలవాటు మనకు లేదా?

మేం వచ్చేసరికి నూనె చల్లారి ఉండాలి. దాన్ని ప్లాస్టిక్ బక్కెట్లోకి కాదు, లోహపు పాత్రలోకే వదలాలి. ఫ్రయర్ అడుగున, వేడి గొట్టాల కిందుగా చల్లగా ఉండే గుంట ఒకటి ఉంటుంది. రాలిన పిండి మాడిపోకుండా అక్కడికి చేరాలనే దాన్ని అలా పెట్టారు. మన బజ్జీ పిండితో అది వారానికే నిండి గొట్టాలను తాకుతుంది. రోజూ తీయండి. కడిగాక చుక్క నీరు లేకుండా ఆరబెట్టి తుడవండి. అడుగున మిగిలిన నీరు నూనె కింద ఆవిరైతే దాదాపు 1700 రెట్లు ఉబ్బుతుంది, పైనున్న నూనెనంతా ఎగజిమ్ముతుంది. వేడి గొట్టాలు మునిగేదాకా నూనె పోశాకే బర్నర్ వెలిగించండి. డాల్డా వాడేవారు గడ్డల్ని విడిగా కరిగించి పోయండి. లీకు చూడటానికి సబ్బు నురగ వాడండి, అగ్గిపుల్ల గీసే ధైర్యసాహసాలు మనకొద్దు. రబ్బరు గొట్టం ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి, ఐదేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చండి. ఎలుక కొరికిందా, ఆ రోజే మార్చండి.

అన్నీ చేసినా నూనె అంటుకుంటే ముందు గ్యాస్ కట్టేయండి, తర్వాత ఇనుప మూత మెల్లగా జరుపుతూ కప్పండి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు పోయకండి, ఎవరైనా బిందె పట్టుకుని పరిగెత్తుకొస్తే ఆపండి. అందుకే ఫ్రయర్‌కు సరిపడే మూత పక్కనే వేలాడాలి. పెద్ద వంటగదులవారు నూనె మంటలు ఆర్పడానికి తయారైన వెట్ కెమికల్ సిలిండర్ కొనుక్కోవాలి. అందులో రాజీ పడొద్దు. గ్యాస్ లీకుకు 1906, అగ్నిమాపక కేంద్రానికి 101.

తినడానికి వచ్చేవాళ్లకూ ఒక మాట. మెకానిక్ పని చేస్తుంటే "ఇంకా ఎంతసేపు" అని యజమానిని తొందరపెట్టకండి. సగం తీగలు ఆ తొందరలోనే పడతాయి.

తిరునాళ్లకు కనీసం పది రోజుల ముందు ఫోన్ చేయండి. కారెంపూడి వీరుల ఉత్సవాలకు బండి పెట్టేవారైనా అంతే. కావలసిన థర్మోకపుల్ నరసరావుపేటలో దొరక్కపోతే గుంటూరు నుంచో, విజయవాడ నుంచో తెప్పించడానికి ఆ వ్యవధి కావాలి. ఈలోగా మీ నాబ్‌కు తీగ ఉంటే ఈ రాత్రికే విప్పి, పైలెట్ నిలవని ఫ్రయర్‌ను పక్కన పెట్టి, బాండీలో వేయించుకోండి.