ఎవరి పాపమని అడగవద్దు

పుట్టుగుడ్డివాణ్ణి చూసినప్పుడు శిష్యులకు కలిగిన సందేహం మనకు తెలిసిందే. ఇది అతని పాపఫలమా, కన్నవారిదా అని వారు ప్రభువును అడిగారు. ఆయన ఇద్దరిదీ కాదన్నాడు (యోహాను 9వ అధ్యాయం). అయినా ఆ ప్రశ్న మన సంఘాల్లో ఇంకా చావలేదు. పెళ్లయి ఏళ్లు గడిచినా ఒడి నిండని సోదరిని చూసినా, టెస్ట్‌ట్యూబ్ చికిత్స రెండోసారీ విఫలమైందని విన్నా అదే గుసగుస. శాపమంటారు, విశ్వాసం చాలదంటారు. మాత్రలు మింగేది ఆమే, మాటలు పడేదీ ఆమే.

ఉప్పల్, నాచారం విశ్వాసులకు ఒక సంగతి గుర్తు చేస్తున్నాము. ఈ నిందకు జవాబు చెప్పే విజ్ఞానం మన ఇళ్ల పక్కనే ఉంది. ఒకప్పుడు నాచారంలో పనిచేసిన సి.డి.ఎఫ్.డి. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. అక్కడి శాస్త్రవేత్త తంగరాజ్, ఆయన సహచరులు వీర్యకణాలు లేని 340 మంది పురుషులను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 29 మందికి వై క్రోమోజోములో కొంత భాగం లేదని తేలింది. అలాంటి ఇంట భార్యను గొడ్రాలనడం ఎంత అన్యాయం!

మన కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. సుమారు 500 మందిలో ఒకరికి రెండు క్రోమోజోముల మధ్య ముక్కలు తారుమారై ఉంటాయి. బైండింగు చేసేవాడు బైబిలు పేజీలు కొన్ని కీర్తనల పుస్తకంలో, కీర్తనల పేజీలు కొన్ని బైబిలులో కుట్టేశాడనుకోండి. రెండు పుస్తకాలూ ఇంట్లో ఉన్నంతకాలం ఒక్క పేజీ కూడా పోలేదు. అందుకే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. బిడ్డకు వాటిలో ఒక్కటే వెళ్తే కొన్ని పేజీలు ఎక్కువ, కొన్ని తక్కువ అవుతాయి. అలాంటి పిండం చాలాసార్లు గర్భంలో నిలవదు, నిలిచినా పడిపోవచ్చు. ఎంత ఖరీదైన చికిత్స అయినా ఈ లెక్కను మార్చలేదు.

ఇది ఎవరి తప్పూ కాదు. మేనరికం వల్లేనని కొందరంటారు. మేనరికంతో కొన్ని జన్యువ్యాధుల భయం పెరిగే మాట నిజమే గాని, ఈ తారుమారు దానివల్ల వచ్చేది కాదు.

కాబట్టి సంఘ కాపరులమైన మేము చెప్పేదేమంటే, గర్భాలు పదేపదే పోతున్నా, చికిత్స మళ్లీ మళ్లీ విఫలమవుతున్నా, అప్పు చేసి మరోసారి ప్రయత్నించకముందే భార్యాభర్తలిద్దరూ క్రోమోజోము పరీక్ష గురించి డాక్టరును అడగండి. దీనికి చేతి రక్తం చాలు. వీర్యకణాలు లేనివారికి వై క్రోమోజోము పరీక్ష వేరే చేయాలి. ఏ భాగం లేదో తెలిస్తే వృషణం నుంచి కణాలు తీసే ఆపరేషన్ వల్ల ఫలితముంటుందో లేదో ముందే చెప్పగలరు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. రిపోర్టులో కనిపించే ప్రతి తేడా జబ్బు కాదు. అందుకే జన్యు నిపుణులతో చదివించుకోవాలి.

తేడా ఉందని తేలినా ఆశ వదులుకోనక్కరలేదు. ముక్కలు తారుమారైనవారిలో చాలామంది సహజంగానే ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నారు. పిండాన్ని ముందే పరీక్షించి గర్భంలో ఉంచే పద్ధతీ ఉంది. అయితే అది బిడ్డకు పూచీకత్తు కాదు. 2021 నాటి చట్టం జన్యువ్యాధులను గుర్తించడానికే దాన్ని అనుమతిస్తుంది, ఆడా మగా ఎంచుకోవడానికి కాదు. మిగిలిన పిండాలను ఏం చేయాలన్నది విశ్వాసి మనస్సాక్షికి బరువైన ప్రశ్న. సంతకం పెట్టకముందే దంపతులు ఆ విషయం మాట్లాడుకుని, ప్రార్థించి నిర్ణయించుకోవాలి. దత్తత తీసుకున్నా, పిల్లలు లేకుండానే జీవించినా ఆ ఇల్లు దేవుని ఇల్లే.

జెకర్యా, ఎలీసబెతు పిల్లలు లేని రోజుల్లోనే నీతిమంతులని లూకా రాశాడు. మౌనంగా ఏడుస్తున్న హన్నాను చూసి యాజకుడైన ఏలీ తాగి ఉందనుకున్నాడు. తెలుసుకోకుండా తీర్పు చెప్పడం మందిరంలోనే జరిగింది. మన మందిరాల్లో అలా జరగనివ్వకండి. ఈ ఆదివారం సంతానం కోసం ప్రార్థించేటప్పుడు భార్య పేరు పక్కన భర్త పేరు కూడా చెప్పండి. పరీక్షకూ ఇద్దరినీ కలిసి వెళ్లమనండి.