గేటు బయట నేరం, గేటు లోపల కాదా?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనకు నర్సు కావాలంటే, వార్డులో ఆయమ్మనో మందుల షాపాయననో అడుగుతారు. ఒక ఫోన్ నంబరు చేతులు మారుతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో ఈ అవసరం ఎక్కువ. ఫోన్ ఎత్తేది ఏఎన్ఎం చదివిన అమ్మాయి కావచ్చు, నర్సింగ్ హోమ్‌లో పని నేర్చుకున్న ఒంటరి తల్లి కావచ్చు. జీతం మాట కంటే ముందు వచ్చే ప్రశ్నలు మనకు తెలిసినవే: "ఏ ఊరమ్మా? ఇంటిపేరేంది? ఏ కులపోళ్లు?"

(మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన పేదలకు ఈ నర్సు కూడా రాదు. కోడలే నర్సు. పాలమూరు పల్లెలో కొడుకూ కోడలూ వలసపోతే ఆమె కూడా ఉండదు.)

రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడతాయి. మూత్రం సంచి ఖాళీ చేయాలి, డైపర్ మార్చాలి, ముక్కు గొట్టంలో జావ పోయాలి. ఆ జావ కాచే వంటింట్లోకి మాత్రం దళిత నర్సును రానివ్వని ఇళ్లున్నాయి. ఆమె గ్లాసు వేరుగా ఉంటుంది. ఇదేమీ కొత్త కాదు. పల్లెల్లో పురిటి మైల ఎత్తే పని ఎక్కువగా దళిత, చాకలి, మంగలి స్త్రీలకే అప్పజెప్పారు. బిడ్డను పట్టిన చేతులను ఆ ఇంటి నీళ్ల కుండ ముట్టనివ్వలేదు.

కులం పేరుతో తిడితే ఏమవుతుంది? 1989 అట్రాసిటీ చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లు అది జనానికి కనిపించే చోట జరిగి ఉండాలంటాయి. 2008 నాటి స్వరణ్ సింగ్ కేసులో తిట్లు తిన్నది గేటు దగ్గర కారు పక్కన నిలబడ్డ డ్రైవర్. అది జనానికి కనిపించే చోటేనంది సుప్రీంకోర్టు. ఇంటి లోపలైతే బంధుమిత్రులు కాని బయటివాళ్లు ఉండాలని కూడా చెప్పింది. 2020 నవంబర్‌లో హితేశ్ వర్మ కేసులో, అది భూతగాదా, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటలు ఆ సెక్షన్ కిందకు రావని తేల్చింది. భూతగాదాకు చెప్పిన ఈ సూత్రం నర్సు బతుకు మీద పడింది. ఆమెకున్న సాక్షులు ఇంటివాళ్లు, చుట్టాలు, మాట పడిపోయిన రోగి. అదే తిట్టు గేటు దగ్గర డ్రైవర్‌ను అంటే నేరం, లోపల నర్సును అంటే ఆ సెక్షన్ వర్తించదు.

కార్మిక చట్టాలూ అంతే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కోడ్‌లలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 'పరిశ్రమ' నిర్వచనం నుంచి ఇంటి పనిని తీసేసింది. సామాజిక భద్రత కోడ్ ఇళ్లలో పనిచేసేవారిని పేరుపెట్టి గుర్తించినా, చేతికిచ్చేది నమోదు, పథకాల హామీ. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రజల ముందుంచిన గిగ్ కార్మికుల ముసాయిదా యాప్‌ల ద్వారా పనిచేసేవారి కోసం. చేతులు మారిన ఫోన్ నంబరు యాప్ కాదు కదా! 'సొంతంగా పనిచేసే నర్సు' అన్నమాట వినడానికి బాగుంటుంది. ఏజెన్సీకి కమీషన్ పోదన్నదీ నిజమే. కానీ రోగి చనిపోయిన రోజే ఆమె ఉద్యోగమూ పోతుంది, అడగడానికి యజమాని అంటూ ఎవరూ మిగలరు.

ఇల్లు పనిస్థలం కాదన్న వాదన మాకు ఒప్పుకోదగ్గదిగా కనిపించదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని పనిస్థలంగా రాసుకుంది. ఇంట్లో పనిచేసే స్త్రీ జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. వేధింపుకు గేటు తెరిచిన చట్టసభ కుల దూషణకు ఎందుకు మూసి ఉంచాలి? గృహ కార్మికులకు ప్రత్యేక చట్టం పరిశీలించేందుకు కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ చట్టం వస్తే అందులో నర్సు, ఆయా పేర్లు ఉండాలి, కుల వివక్షకు ప్రత్యేక సెక్షన్ ఉండాలి.

ఈలోగా మన చేతిలో ఒకటుంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 7(1)(డి), అంటరానితనం కారణంగా దళితులను అవమానించడాన్ని నేరమంటుంది. అందులో జనానికి కనిపించే చోటు అన్న షరతు లేదు. శిక్ష ఆరు నెలలు దాటదు, నిజమే. అయినా ఇలాంటి నర్సు వెంట స్టేషన్‌కు వెళ్లేవాళ్లు ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయించాలి.